ఆకుది గోడ, గింజది గాదె

హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో నూనెలూ కొవ్వులూ పరీక్షిస్తూ ఉద్యోగమంతా గడిపి రిటైరయ్యాను. ఇప్పటికీ పీహెచ్‌డీ పిల్లలు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, ఫలానా మొక్కలో లిపిడ్లు చేస్తున్నాం, ఏ పద్ధతి మంచిదంటారు?" అని. "ఏ భాగం?" అని అడుగుతాను. అవతల కాసేపు చప్పుడుండదు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గి ఇవి రాసిపెడుతున్నాను. వరస నాకు తోచినది. కొన్ని పాఠాలకు చాలా చెప్పాలి, కొన్నిటికి నాలుగు మాటలు చాలు.

1. మొక్కను కాదు, భాగాన్ని అడగండి

పెదవేగి వైపు గానీ అశ్వారావుపేట వైపు గానీ వెళ్తే పామాయిల్ గెలలు నింపుకున్న ట్రాక్టర్లు ఎదురొస్తాయి. ఒక గెలలోంచి ఒక పండు తీసి నిలువునా కోయించి చూడండి. బయట నారింజ రంగు గుజ్జు, మధ్యలో గట్టి పెంకు, పెంకు లోపల తెల్లని పప్పు. గుజ్జు నూనెలో పామిటిక్ ఆమ్లం 44 శాతం దాకా, ఓలియిక్ ఆమ్లం 40 శాతం దాకా ఉంటాయి. పప్పు నూనెలో ఒక్క లారిక్ ఆమ్లమే 48 శాతం దాకా ఉంటుంది. అంటే పప్పు నూనె కొబ్బరినూనెకు దగ్గరి చుట్టం, తనను చుట్టుకుని ఉన్న గుజ్జు నూనెకు మాత్రం పరాయిది. రెంటికీ మధ్య ఉన్న దూరం పెంకు మందమే.

ఎందుకిలా అంటే, గుజ్జు తల్లి చెట్టు శరీరంలో భాగం. పప్పు పుప్పొడి కలిశాక పుట్టింది, అందులో తండ్రి చెట్టు వాటా కూడా ఉంది. చేసే పనులూ వేరు. గుజ్జు జంతువుల్నీ పక్షుల్నీ పిలిచి గింజను దూరానికి మోయించుకోవడానికి, పప్పు మొలక తినడానికి. పండు మొత్తాన్ని రుబ్బి చేసిన విశ్లేషణ ఒకటి ఓసారి నా అభిప్రాయం కోసం వచ్చింది. కొలతల్లో వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆ అంకెలు గుజ్జువీ కావు, పప్పువీ కావు. ప్రపంచంలో ఏ కణంలోనూ లేని కొవ్వును ఎంతో శ్రద్ధగా కొలిచారు.

పామాయిల్ పెద్ద ఉదాహరణ కాబట్టి కంటికి కనిపించింది. మునగలోనూ అంతే. గింజ నూనెలో ఓలియిక్ ఆమ్లం 70 శాతం అటూ ఇటూగా ఉంటుంది, దాంతోపాటు బెహెనిక్ ఆమ్లం కొంత. అదే చెట్టు ఆకులో వెతికితే లినోలెనిక్ ఆమ్లం ముందుకొస్తుంది. "మునగలో ఏ కొవ్వు ఉంటుంది?" అన్న ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

2. గోడ వేరు, గాదె వేరు

ఆకులో కొవ్వు ఇంటి గోడలాంటిది, గింజలో కొవ్వు గాదెలో పోసిన ధాన్యంలాంటిది. గోడ కట్టేందుకు ఏది పడితే అది పనికిరాదు. గాదెలో ఏం నింపినా ఇల్లు నిలబడే ఉంటుంది.

ఆకు కొవ్వులో పెద్ద వాటా క్లోరోప్లాస్టుల లోపలి పొరలది. ఆ పొరల్లో దాదాపు సగం మోనోగాలక్టోసిల్ డైగ్లిసరైడ్, పాతిక శాతానికి కాస్త అటూ ఇటూగా డైగాలక్టోసిల్ డైగ్లిసరైడ్. రెండూ గాలక్టోజ్ చక్కెరను నెత్తిన పెట్టుకున్న కొవ్వులు. మిగిలినదాంట్లో గంధకం ఉన్న సల్ఫోలిపిడ్, ఫాస్ఫాటిడిల్ గ్లిసరాల్ ముఖ్యమైనవి. ఆ సల్ఫోలిపిడ్‌ను 1959లో ఆండ్రూ బెన్సన్ బృందం బయటపెట్టింది. ఇంటర్‌లో కాల్విన్-బెన్సన్ చక్రం బట్టీ పట్టినవాళ్లకు ఆ పేరు గుర్తుండాలి. ఎలుక కాలేయం మీద పని నేర్చుకుని మొక్కల్లోకి వచ్చిన పిల్లలు ఆకు కొవ్వులను విడదీసిన మొదటి ప్లేటు చూసి తెల్లమొహం వేస్తారు, ఫాస్ఫోలిపిడ్లు ఇంత తక్కువేమిటని. మొక్కకు భాస్వరం దొరకడం కష్టం. ఇన్ని పొరలు కట్టడానికి చక్కెరతో సరిపెట్టుకుంటుంది.

కొవ్వు ఆమ్లాల విషయంలో ఆకులన్నీ ఇంచుమించు ఒకే తీరు. లినోలెనిక్ రాజ్యం. తేడాలుంటాయి, కానీ చిన్నవి. ఆవ, టమాటా, పొగాకు ఆకుల గాలక్టోలిపిడ్లలో 16 కార్బన్లు, మూడు ద్విబంధాలున్న ఆమ్లం కూడా చెప్పుకోదగ్గంత కనిపిస్తుంది. బఠాణీ, వేరుశనగ లాంటి పప్పుజాతి ఆకుల్లో అది దాదాపు ఉండదు, అక్కడంతా 18 కార్బన్లదే. గింజల్లోకి వచ్చేసరికి ఆ క్రమశిక్షణ ఏదీ ఉండదు. కుసుమ లినోలిక్‌ను నింపుకుంటే అవిసె లినోలెనిక్‌ను నింపుకుంటుంది, కొబ్బరి లారిక్‌ను. ఇప్ప గింజ పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలను అంత దండిగా దాస్తుంది కాబట్టే ఏజెన్సీ ఇళ్లలో ఇప్పనూనె చలికాలం గడ్డకడుతుంది.

అన్నిటికంటే వింత ఆముదం. గింజ నూనెలో 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లం, గొలుసు మధ్యలో ఓ హైడ్రాక్సిల్ గుంపు తగిలించుకున్నది. అదే మొక్క ఆకును పరీక్షించండి, అది మామూలు ఆకు. ఆ ఆమ్లం పొరల్లోకి వెళ్తే పొరలే పాడవుతాయి. అందుకని తయారైనదాన్ని తయారైనట్టే గాదెకు చేరవేసే ఏర్పాటు ఆముదం గింజలో ఉంది. ఈ సంగతి బాగా తెలిసింది 1995 తర్వాత. ఆ ఏడాది అమెరికాలో క్రిస్ సోమర్‌విల్ బృందం ఆ హైడ్రాక్సిల్ గుంపును చేర్చే జన్యువును ఆముదం నుంచి వేరుచేసింది. దాన్ని అరబిడాప్సిస్ అనే ఆవజాతి చిన్న మొక్కలో పెట్టి చూస్తే గింజలో హైడ్రాక్సీ ఆమ్లాలు 17 శాతం దగ్గర ఆగిపోయాయి. తయారుచేయడం ఒక్కటే నేర్పితే చాలదు, మోసుకెళ్లి గాదెలో పోసే ఆముదపు ఎంజైములను కూడా తోడిచ్చాకే ఆ అంకె పెరిగింది. ఆముదం నూనె మీద హైదరాబాదులో పనిచేసినవాళ్లలో కె.టి. అచయ ఒకరు. తర్వాత భారతీయుల తిండి చరిత్ర, గానుగ చరిత్ర రాసింది ఆయనే. నూనె పరీక్షించేవాళ్లకు లోకజ్ఞానం ఉండదనేవాళ్లకు ఆయన పేరు చెబుతుంటాను.

3. కత్తెర పెట్టిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది

ఈ పాఠం ఒక్కటి గుర్తుంటే మిగిలినవి మరిచిపోయినా ఫర్వాలేదు.

బతికున్న ఆకులో కొవ్వులు ఒకచోట, వాటిని తినే ఎంజైములు ఇంకోచోట ఉంటాయి. ఆకును కోసినా నలిపినా రెండూ కలుస్తాయి. వాటిలో పేరుమోసినది ఫాస్ఫోలైపేజ్-డి. 1947లో హనాహన్, చైకాఫ్ అనే ఇద్దరు క్యారెట్‌లో దాని జాడ పట్టారు, మరుసటి ఏడాది క్యాబేజీ ఆకుల్లో. ఫాస్ఫోలిపిడ్ల తలలు నరికి ఫాస్ఫాటిడిక్ ఆమ్లంగా మార్చేస్తుందది. ద్రావకం తగిలితే చస్తుందిలే అనుకోకండి. మెథనాల్ ఉన్న ద్రావకంలో నరికిన తల చోట మెథనాల్‌నే అతికించి ఫాస్ఫాటిడిల్ మెథనాల్ అనే కొత్త పదార్థాన్ని చేస్తుంది. మీ ఆకులో అది కనిపించిందంటే మొక్క గురించి తెలిసింది సున్నా, మీ చేతి వేగం గురించి తెలిసింది పూర్తిగా.

ఇంకో గుంపు లైపాక్సిజనేజులు. గడ్డి కోసినప్పుడు వచ్చే పచ్చి వాసన మీకందరికీ ఇష్టమే. ఆ వాసన లినోలెనిక్ ఆమ్లం విరిగి ఆరు కార్బన్ల ఆల్డిహైడ్లుగా గాల్లోకి లేస్తున్నప్పటిది. తోటలో వస్తే ఆనందించండి. ల్యాబులో మీ రోలు దగ్గర వస్తే, కొలవాల్సిన సరుకు కిటికీలోంచి వెళ్లిపోతోందని అర్థం.

మందు తేలికైనదే. ఐసోప్రొపనాల్‌లో కొవ్వులు గాలికి చెడకుండా 0.01 శాతం బీహెచ్‌టీ కలిపి, 75 డిగ్రీలకు ముందే వేడిచేసి ఉంచుకోండి. ఆకు కోసిన వెంటనే అందులో పడాలి, పావుగంట అక్కడే ఉండాలి. తర్వాత మీకిష్టమైన పద్ధతిలో వెలికితీయండి. ఇక్కడ అసలు కిటుకు, ఆకును ల్యాబుకు తేవడం కాదు, వేడి గొట్టాన్ని మొక్క దగ్గరికి తీసుకెళ్లడం. మడిలోనైనా సరే, ఓ ఫ్లాస్కు, చిన్న స్టవ్వు, థర్మామీటరు ఉంటే పనవుతుంది. ఐసోప్రొపనాల్ అంటుకునే సరుకు, మంట నేరుగా తగలనీయక నీళ్లగిన్నెలోనే వేడిచేయండి.

ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టిస్తే సరిపోదా అంటారు. గడ్డకట్టినంతసేపూ సరిపోతుంది. మంచు స్ఫటికాలు కణాల గోడలన్నీ చీల్చేసి ఉంటాయి కాబట్టి, కరిగిన మరుక్షణం పచ్చి ఆకులో కంటే దారుణంగా ఎంజైములు విరుచుకుపడతాయి. గడ్డకట్టిన ఆకును గడ్డకట్టినట్టే వేడి ఐసోప్రొపనాల్‌లో వేయాలి. రాత్రి కరెంటు పోయి, డీప్ ఫ్రీజర్ కరిగి, పొద్దున్నే మళ్లీ గడ్డకట్టిన నమూనాలు చూడ్డానికి చక్కగానే ఉంటాయి. వాటి మీద ఎన్ని లక్షల మెషీన్ వాడినా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఒకమ్మాయి నీటి ఎద్దడికి గురైన వేరుశనగ ఆకుల్లో ఫాస్ఫాటిడిక్ ఆమ్లం ఎన్నో రెట్లు పెరిగిందని సంబరంగా చూపించింది. ఎద్దడిలో అది నిజంగానే కొంత పెరుగుతుంది, మొక్క కణం దాన్ని ఒక సంకేతంగా వాడుకుంటుంది. అందుకే ఈ విషయంలో మోసపోవడం సులువు. "ఎద్దడి మొక్కలు ఎక్కడివమ్మా?" అన్నాను. ఊరవతల పొలంలోవి. పాలిథిన్ కవర్లో వేసి ఆటోలో తెచ్చింది. పోల్చడానికి వాడిన ఆకులు? ల్యాబు వెనక గ్లాస్‌హౌస్‌వి. రెండు చోట్లా వేడి ఐసోప్రొపనాల్‌తో మళ్లీ చేయించాను. తేడా మిగిలింది, చిన్నది, కానీ నమ్మదగ్గది. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది గానీ థీసిస్ నిలబడింది.

4. మిల్లు వాళ్లను అడగండి

పై పాఠంలో ఉన్నది విశ్వవిద్యాలయాల్లో ఆలస్యంగా తెలుస్తుంది, బియ్యం మిల్లులో మొదటిరోజే తెలుస్తుంది. వడ్లగింజలో కొవ్వు ఎక్కువగా ఉన్నది తవుడు పొరలోనూ మొలక భాగంలోనూ. పచ్చి బియ్యం మిల్లులో తవుడు రాలిన క్షణం నుంచి అందులోని లైపేజ్ నూనెను కొరకడం మొదలుపెడుతుంది, గంటగంటకూ విడి కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. నిలవున్న తవుడు నూనె తినడానికి పనికిరాదు, సబ్బుకు పోతుంది. అందుకే తవుడుకు ఆవిరి పట్టడమో, వేడి చేయడమో చేస్తారు. ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు ముందే ఉడికాయి కాబట్టి ఆ తవుడు నెమ్మదిగా ఉంటుంది.

పామాయిల్ ఫ్యాక్టరీలోనూ గెల రాగానే చేసే మొదటి పని ఆవిరిలో ఉడికించడం. దెబ్బతగిలిన పండు గుజ్జులో లైపేజ్ అంత చురుకైనది. అందుకే రైతుతో గెల కోసిన రోజే తెమ్మని పోరుపెడతారు. తవుడు మీద పని మొదలుపెట్టే ప్రతివాళ్లనూ నేను ముందు ఒక మిల్లుకు పంపేదాన్ని. సూపర్‌వైజర్ చెప్పిన నాలుగు మాటలు ఏ పాఠ్యపుస్తకానికీ తీసిపోవు.

5. ద్రావకం అబద్ధం చెప్పదు, అడిగినదానికే జవాబిస్తుంది

సాక్స్‌లెట్ పరికరం 1879 నాటిది, ఇప్పటికీ ప్రతి ల్యాబులో ద్రావకాన్ని చుక్కలుగా రాలుస్తూ కూర్చుంటుంది. హెక్సేన్ పోసి వేరుశనగ పప్పులో నూనె తీయడానికి అంతకన్నా నమ్మకమైనది లేదు. ఆకుకు అదే వాడితే మాత్రం మైనాలూ రంగులూ వస్తాయి, గోడలు కట్టిన గాలక్టోలిపిడ్లూ ఫాస్ఫోలిపిడ్లూ చాలావరకు వెనకే ఉండిపోతాయి. పశువుల మేత పట్టికల్లో 'ఈథర్ ఎక్స్‌ట్రాక్ట్' అని ఉండే అంకెను ఆకు లిపిడ్ అనుకోకండి. అందులో పత్రహరితమూ ఉంటుంది.

ఆకులకు క్లోరోఫామ్-మెథనాల్ కావాలి. 1957 నాటి ఫోల్చ్ పద్ధతి మెదడు కోసం పుట్టింది, 1959 నాటి బ్లై-డయ్యర్ పద్ధతి చేపల కండ కోసం. రెండూ జంతువులవే, మొక్కలు అరువు తెచ్చుకున్నాయి. బ్లై-డయ్యర్‌లో క్లోరోఫామ్, మెథనాల్, నీరు 1:2:0.8 పాళ్లలో ఉండాలి. ఆ 0.8లో కణజాలం తనతో తెచ్చుకున్న నీరు కూడా కలిసే ఉంటుంది. లేత ఆకులో 80 శాతం పైన నీరే. ఎండిన గింజలో ఐదారు శాతం. ఒకే కొలతతో రెంటికీ ద్రావకం పోసి, పొరలు విడిపోవడంలేదని నన్నడిగితే నేనేం చెప్పను? తేమ కొలిచాకే సీసా మూత తీయండి.

తెల్ల బియ్యం ఇంకో కథ. తవుడు పోయాక మిగిలిన గింజలో కొవ్వు కొంచెమే, కానీ దానిలో ఒక భాగం పిండి రేణువుల లోపల, అమైలోజ్ చుట్టల మధ్య లైసోఫాస్ఫోలిపిడ్లుగా ఇరుక్కుని ఉంటుంది. హెక్సేన్‌కు గానీ చల్లని క్లోరోఫామ్-మెథనాల్‌కు గానీ అది లొంగదు. నీళ్లు కలిపిన ప్రొపనాల్‌ను మరిగేంత వేడిలో పట్టించాలి. అన్నం ఉడికిన తీరు, జిగురు మీద పనిచేసేవాళ్లకు కావలసింది సరిగ్గా ఈ దొరకని కొవ్వే.

6. పైపూతను ముందే కడిగి వేరుపెట్టండి

చెరకు గడ కణుపుల దగ్గర తెల్లని పొడి, క్యాబేజీ ఆకు మీద బూడిద రంగు మెరుపు, ఇవి మైనం. ఆకును పూర్తిగా నలపకముందు అర నిమిషం క్లోరోఫామ్‌లో ముంచి తీస్తే పైపూత దిగిపోతుంది, లోపలి పొరలు అంతగా కదలవు. క్యాబేజీలో అయితే 29 కార్బన్ల ఆల్కేన్ ఎదురుగా వచ్చి నిలబడుతుంది. చేతులకు గ్లౌజులు మర్చిపోకండి. వేలిముద్రలోని స్క్వాలీన్ కూడా ఆ చుట్టుపక్కలే పీక్ చూపిస్తుంది. పారాఫిల్మ్ గొట్టం మూతికి చుట్టారా, దాని మైనం కూడా మీ మొక్క ఖాతాలో పడుతుంది.

7. కింది అంకె ఏది?

"వంద గ్రాములకు ఇంత" అంటారు. ఏ వంద గ్రాములు? తడివా, ఎండినవా? మధ్యాహ్నం వాడిన ఆకు తెల్లవారుజామున కోసిన ఆకుకంటే తేలిక, కొవ్వు మారలేదు, నీరు పోయిందంతే. ఆకులకు పత్రహరితం ఆధారంగా లెక్కించడం ఒక దారి, వేరుకు అది కుదరదు. రెండు భాగాలను పోల్చాలంటే పొడి బరువుకే రావాలి, ఇంకో గతి లేదు.

శాతాలతో ఇంకో చిక్కు. గింజ ముదురుతున్నకొద్దీ నూనె నిండుతుంది, దాంతో ఫాస్ఫోలిపిడ్ల 'శాతం' పడిపోతుంది. పొరలేమీ కరిగిపోలేదు. ఈ తప్పు ఎన్ని పేపర్లలో చూశానో. 17 కార్బన్ల ఆమ్లాన్ని అంతర్గత ప్రమాణంగా వాడుతున్నారా, వెలికితీతకు ముందే వేయండి, చివర్లో కాదు. చివర్లో వేస్తే సీసాల గోడలకంటుకుపోయిన సరుకు లెక్కకు రాదు. మీ కణజాలంలో సహజంగా 17:0 (17 కార్బన్లు, ద్విబంధాలు సున్నా) ఎంతుందో, ప్రమాణం కలపని పరీక్ష ఒకటి కూడా చేసి చూసుకోండి.

8. పీక్ వచ్చినంత మాత్రాన పేరు రాదు

కొవ్వు ఆమ్లాలను గ్యాస్ క్రొమటోగ్రఫీతో విడదీయడం 1952లో జేమ్స్, మార్టిన్‌లు చూపించారు. మా తరం ప్యాక్డ్ కాలమ్‌లతో, చార్ట్ కాగితం మీద పీక్‌ను కత్తిరించి తూచి మొదలుపెట్టింది. ఇప్పుడు కంప్యూటరే పేర్లు పెట్టేస్తోంది, చిక్కంతా అక్కడే.

ధ్రువ కాలమ్ మీద ఆకు నమూనాలో 16:3 వచ్చి 18:0 పక్కనే కూర్చుంటుంది. నూనెల ప్రమాణాలతో మాత్రమే పోల్చే సాఫ్ట్‌వేర్ దాన్ని స్టియరిక్ అనేస్తుంది. ఆవ ఆకులో స్టియరిక్ అంత ఎక్కువగా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఆకును కాదు. అలాగే పత్రహరిత పొరల ఫాస్ఫాటిడిల్ గ్లిసరాల్‌లో ఒక ట్రాన్స్ ఆమ్లం ఉంటుంది, 16 కార్బన్లు, మూడో స్థానంలో ద్విబంధం. గింజ నూనెల్లో అది కనపడదు కాబట్టి కొత్తవాళ్లు 'తెలియని పీక్' అని రాసి వదిలేస్తారు. ఆకుకు అది గుర్తింపు కార్డు.

వేరుశనగ నూనెలో 20, 22, 24 కార్బన్ల సంతృప్త ఆమ్లాలు అన్నీ కలిపి ఐదు శాతానికి అటూ ఇటూగా ఉంటాయి. పాత బెల్లియర్ పరీక్ష నిలబడ్డది వాటి మీదే, ఆల్కహాలులో ఆ ఆమ్లాలు పొగమంచులా గడ్డకట్టే ఉష్ణోగ్రతను బట్టి వేరుశనగ నూనెను గుర్తుపట్టేవారు. ఇవాళ వాటిని పోగొట్టుకోవడం చాలా సులువు, లినోలెనిక్ దాటగానే రన్ ఆపేస్తే సరి. ఓసారి ఒక రిపోర్టులో అసలు 20 కార్బన్ల అరాకిడిక్కే లేని వేరుశనగ నూనె వచ్చింది. కల్తీ అనుకున్నారు. కల్తీ కాదు, లంచ్ టైము.

పత్తి గింజలో మరో తలనొప్పి ఉంది. స్టెర్క్యులిక్, మాల్వాలిక్ అనే మూడు కార్బన్ల వలయమున్న ఆమ్లాలు అందులో కొద్దిగా ఉంటాయి. ఆమ్లంతో వేడిచేసి మిథైల్ ఎస్టర్లుగా మారిస్తే అవి విరిగిపోయి పీక్ దగ్గరికే రావు. వాటిని పట్టడానికి గంధకంతో ఎర్రబడే హాల్ఫెన్ పరీక్ష ఉంది, పాతకాలపుది, చవకైనది. ఎప్పుడూ అదే జాగాలో వచ్చే అందమైన పీక్ ఒకటి ప్రతి నమూనాలోనూ కనిపిస్తే అది మీరు కలిపిన బీహెచ్‌టీ గానీ, ప్లాస్టిక్ గొట్టం వదిలిన థాలేట్ గానీ అయివుంటుంది. లిపిడ్ పనికి గాజు సీసా, టెఫ్లాన్ మూత. వేరే మాట లేదు.

9. ఒక గింజకు ఒక జవాబు

గింజలన్నీ కలిపి రుబ్బితే వచ్చేది సగటు. కొన్ని పనులకు చాలు, కొన్నిటికి చాలదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 రకాల్లో ఓలియిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది. ఓలియిక్‌ను లినోలిక్‌గా మార్చే జన్యువు రెండు ప్రతులూ పనిచేయకపోతేనే ఆ స్థాయి వస్తుంది. విత్తనంలో మామూలు రకం కొంత కలిసిందనుకోండి, సగటు 70కి దిగుతుంది. ఎండలు తగ్గడం వల్ల దిగిందా, కాయ ముదరకుండా పీకడం వల్ల దిగిందా, కల్తీ వల్ల దిగిందా? మూడూ సాధ్యమే. చల్లదనంలో ముదిరిన కాయలోనూ, లేత పప్పులోనూ లినోలిక్ పాలు ఎక్కువ. ఒక్కో గింజను విడిగా చూస్తే తేలిపోతుంది. వాతావరణం అన్నిటినీ కొంచెం కొంచెం దించుతుంది, కలిసిన గింజ మాత్రం ఒంటరిగా బయటపడుతుంది.

గింజను చంపనక్కర్లేదు. మొలక ఉన్న కొసకు ఎదురు కొసలో పప్పును చిన్న ముక్క కోసి పరీక్షించి, మిగిలినదాన్ని నాటుకోవచ్చు. 1963లో కెనడాలో డౌనీ, హార్వేలు ఆవజాతి రేప్ గింజను రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని కొవ్వు ఆమ్లాల పరీక్షకు పంపి, మొలక ఉన్న భాగాన్ని నాటారు. ఎరూసిక్ ఆమ్లం తగ్గిన నూనె రకాలకు దారి వేసిన పద్ధతి అదే. ఎంత చిన్న గింజ అది! మన వేరుశనగ పప్పుతో ఆ పని చేయలేమంటే నేనొప్పుకోను.

10. వేరులో ఉన్నదంతా వేరుది కాదు

వేరు పేద కణజాలం. కొవ్వు తక్కువ, మట్టి ఎక్కువ. చాలామంది చివరికి వదిలేస్తారు, అదే నాకు అన్నిటికంటే ఇష్టం.

భాస్వరం అందని నేలలో మొక్క తన ఫాస్ఫోలిపిడ్లను కరిగించి ఆ భాస్వరాన్ని వేరే పనులకు మళ్లిస్తుంది, ఖాళీ అయిన చోట డైగాలక్టోసిల్ డైగ్లిసరైడ్‌తో పూడ్చుకుంటుంది. మామూలుగా క్లోరోప్లాస్టులకే పరిమితమైన ఆ చక్కెర కొవ్వు అప్పుడు వేరు కణాల పొరల్లో కూడా కనిపిస్తుంది. 2000 సంవత్సరంలో అరబిడాప్సిస్ మీద చేసిన పనిలో ఇది తేటతెల్లమైంది. కాబట్టి వేరు లిపిడ్లు చేసేముందు నేల పరీక్ష చేయించండి, లేకపోతే రకాల మధ్య తేడా అనుకున్నది మడుల మధ్య తేడా అవుతుంది.

ఇక వేరులో 16:1 అనే పీక్ వచ్చి, ద్విబంధం తోక వైపు నుంచి ఐదో స్థానంలో ఉంటే, అది దాదాపుగా మొక్కది కాదు. వేళ్లలో కాపురముండే మైకోరైజా శిలీంధ్రానిది. ఆ పీక్ కొలిచి ఎంత శిలీంధ్రం ఉందో లెక్కగట్టేవాళ్లు ఉన్నారు. అయితే 2017లో ఒకటికి మించి పరిశోధక బృందాలు దీనికి కొత్త మలుపు ఇచ్చాయి. ఆ శిలీంధ్రానికి కొవ్వు ఆమ్లాలను మొదటి నుంచీ కట్టుకునే యంత్రాంగమే లేదు, మొక్కే దానికి తయారుచేసి పెడుతోంది. శిలీంధ్రం మొక్కకు భాస్వరం తెచ్చిపెట్టి బదులుగా చక్కెర పుచ్చుకుంటుందని మేం చదువుకున్నాం, అందులో కొవ్వు లావాదేవీ కూడా ఉందని మాకెవరూ చెప్పలేదు. అంటే ఆ 16:1ను శిలీంధ్రపు గుర్తు అనాలా, మొక్క సరుకనాలా? గొలుసు కట్టింది మొక్క, ద్విబంధం పెట్టుకుంది శిలీంధ్రం. వేళ్లు కడిగేటప్పుడు ఇది గుర్తుపెట్టుకుని, కడిగిన నీళ్లు పారబోయకుండా విడిగా ఉంచితే తర్వాత పనికొస్తాయి.

11. క్లోరోఫామ్‌తో చనువు వద్దు

మేం కిటికీలు తెరిచి, బల్ల మీదే క్లోరోఫామ్ ఆవిరి చేసేవాళ్లం. అది ధైర్యం కాదు, ఫ్యూమ్ హుడ్ లేకపోవడం. వెలుతురులో నిలవున్న క్లోరోఫామ్ ఫాస్జీన్ అనే విషవాయువును, హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. అందుకే దానికి కాస్త ఇథనాల్ కలిపి, ముదురు రంగు సీసాలో అమ్ముతారు. ఆ ఆమ్లం మీ కొవ్వులను కూడా పాడుచేస్తుంది. సీసా తెరిచిన తేదీ దాని మీద రాయండి, అట్టడుగున మిగిలినదాన్ని కొత్త సీసాలో కలపకండి. వీలైతే 2008 నుంచి వాడుకలో ఉన్న ఎంటీబీఈ అనే ఈథర్‌తో వెలికితీసే పద్ధతి పట్టుకోండి. అందులో లిపిడ్లు పైపొరలోకి వస్తాయి, పిపెట్ గుచ్చడమూ తేలిక. అయితే అది మండే సరుకు.

పని మొదలుపెట్టేముందు హుడ్ ఫ్యాను తిరుగుతోందో లేదో పలచని కాగితం ముక్క అంచున పట్టుకుని చూడండి. లోపలికి లాగకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఆ రోజుకు గింజలు ఒలుచుకుంటూ కూర్చోండి.